గోడౌన్‌లో పండిన లాభం

సరుకు అమ్ముడుపోతేనే లాభమని మా నాన్న అనుకునేవాడు. పాపం, కిరాణా కొట్టు మనిషి, కాస్ట్ అకౌంటింగ్ చదవలేదు. కొనేవాడు లేకుండానే లాభం పండించే విద్య నాకు జీడిమెట్లలో ఓ సీలింగ్ ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఖర్చుల లెక్కలు కట్టే కాస్టింగ్ సెక్షన్‌లో అబ్బింది.

లెక్క చూడండి. అద్దె, జీతాలు, యంత్రాల తరుగుదల కలిపి ఏడాదికి కోటి రూపాయల స్థిర ఖర్చు. ఫ్యాక్టరీ సామర్థ్యం 20,000 ఫ్యాన్లు, అమ్ముడయ్యేవి 10,000. అమాయకుడైతే పదివేలే చేయిస్తాడు, కోటీ ఆ ఏడాది లాభంలోంచి కోసుకుపోతుంది. మా మేనేజర్ గారు 20,000 చేయించారు. ఫ్యాన్‌కు 500 చొప్పున పంచితే అమ్మిన వాటి నెత్తిన పడింది 50 లక్షలే. మిగతా 50 లక్షలు అమ్ముడుపోని ఫ్యాన్లతో పాటు గోడౌన్‌లోకి వెళ్లాయి. అక్కడ వాటి పేరు ఖర్చు కాదు, ఆస్తి! అదనంగా ఒక్క ఫ్యాన్ అమ్మకుండా లాభం 50 లక్షలు పెరిగింది. బోనస్ లాభం మీదే కదా. దొంగలెక్క అనకండి, అకౌంటింగ్ ప్రమాణాలు ఒప్పుకున్న పద్ధతే.

"సార్, ఇవన్నీ ఎవరు కొంటారు?" అని ఒకసారి నోరు జారాను.

"అమ్మడం సేల్స్ వాళ్ల పనయ్యా. రాగి తీగ బాకీ ఫైనాన్స్ వాళ్లది. నా పని యూనిట్ కాస్ట్ తగ్గించడం."

సేల్స్ వాళ్లేం తక్కువ తినలేదు. మార్చి 20కే టార్గెట్ దాటితే, మిగిలిన ఆర్డర్లు సొరుగులో పడుకుని ఏప్రిల్ 1న లేస్తాయి. బోనస్‌కు గరిష్ఠ పరిమితి ఉంది మరి. పైగా ఈ ఏడు ఎక్కువ చూపిస్తే వచ్చే ఏడు టార్గెట్ అక్కణ్ణుంచే మొదలు. పాలు ఎక్కువిస్తే చెంబు పెద్దదవుతుందని గేదెకు తెలియకపోవచ్చు, ఏరియా మేనేజర్‌కు తెలుసు.

అయినా మావాళ్లు నయం. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఉద్యోగులు టార్గెట్ల కోసం ఖాతాదారులు అడగని ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, దాదాపు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. మేమైతే నిజం ఫ్యాన్లే చేశాం.

ఎంత నిజమంటే, అట్టపెట్టెలు గుమ్మందాకా వచ్చి వాచ్‌మన్ తాత మంచం వేపచెట్టు కిందికి మారింది. మే నెల ఉక్కలో, పదివేల ఫ్యాన్లకు కాపలాగా, ఆయన ఓ పెట్టె మూత చింపి విసురుకుంటున్నాడు. స్టాక్ లెక్కలో ఆ మూత తేడా వచ్చింది. తాతకు మెమో ఇచ్చారు.