అట్ట కనిపించని చదువరులు

విశాఖ మద్దిలపాలెంలో ఉదయం ఎనిమిదింటికి తగరపువలస వెళ్లే 222 నంబరు బస్సు ఎక్కితే సీటు దొరకదు. పైనున్న రాడ్డు పట్టుకుని నిలబడాల్సిందే. అలా నిలబడడం నాకు ఇష్టమే. కూర్చున్నవాళ్ల చేతులు కనపడతాయి. ఎవరి చేతిలో ఏముందో, ఏం చదువుతున్నారో చూడడం కాలేజీ రోజుల నుంచి నాకున్న అలవాటు.

ఈ మధ్య బొటనవేళ్లను గమనిస్తున్నాను. రీల్స్ చూసేవాళ్ల వేలు ఒకే లయలో పైకి తోస్తూనే ఉంటుంది. చదివేవాళ్ల వేలు చాలాసేపు కదలదు. తర్వాత నాలుగు లైన్ల మేర జరుపుతుంది, మళ్లీ ఆగుతుంది. ఒక్కోసారి వెనక్కి కూడా వెళ్తుంది, ఏదో వాక్యం సరిగ్గా పట్టుబడలేదన్నమాట. రెండు వేళ్లతో అక్షరాలు పెద్దవి చేసుకుని అటూ ఇటూ లాక్కుంటూ ఉంటే అది పీడీఎఫ్. చాలావరకు ఏదో పోటీ పరీక్ష మెటీరియలే. బస్సు హనుమంతవాక దాటేలోపు ఇలా చదివే వేళ్లను ఐదారు లెక్కపెట్టిన రోజులున్నాయి.

అందుకే "ఇప్పుడెవరు చదువుతున్నారండీ, అందరూ ఫోన్లే కదా" అనే మాటతో నేను ఏకీభవించలేను. ఫోన్ పట్టుకున్నవాళ్లందరినీ ఒకే గాటన కట్టేస్తున్నాం. అందులో ఒకావిడ విష్ణు సహస్రనామం చదువుతూ ఉండొచ్చు. ఇంకో అమ్మాయి కథల యాప్ ప్రతిలిపిలో నిన్న రాత్రి ఆపిన సీరియల్ అందుకుని ఉండొచ్చు. చదువు బస్సు దిగి వెళ్లిపోలేదు. ఎదుటివాళ్లు ఏం చదువుతున్నారో మనకు తెలియడం మాత్రం ఆగిపోయింది. ఇది చిన్న నష్టమని నేను అనుకోను.

ఎందుకో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి. ఆంధ్రా యూనివర్సిటీలో పీజీ చేస్తున్నప్పుడు సీజన్ టికెట్ తీసుకుని విజయనగరం నుంచి పాసింజర్‌లో వచ్చేవాణ్ని. కొత్తవలసలో ఒక పెద్దాయన ఎక్కేవారు. కిటికీ పక్కన చోటు దొరికితే సంచిలోంచి లైబ్రరీ ముద్ర ఉన్న పుస్తకం తీసేవారు. ఒక వారం మూడు రోజుల పాటు ఆయన చేతిలో ఒకే పుస్తకం ఉంది. చదువుతూ చదువుతూ తనలో తాను నవ్వుకునేవారు, మధ్యలో పుస్తకం మూసి పెందుర్తి పొలాల వైపు చూస్తూ ఉండిపోయేవారు. మూడో రోజుకి ఆ అట్ట మీద పేరు నాకు కంఠతా వచ్చేసింది. నాలుగో రోజు వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి వెళ్లి ఆ పుస్తకం అడిగి తీసుకున్నాను. మా నాయనమ్మ మాట్లాడే యాస అచ్చులో ఉండడం జీవితంలో మొదటిసారి చూసింది అందులోనే. అప్పటిదాకా పుస్తకాల భాష వేరు, మా ఇంటి భాష వేరు అనుకునేవాణ్ని. ఆ పెద్దాయన పేరు నేనెప్పుడూ అడగలేదు. నాకు ఏం ఇచ్చారో ఆయనకు తెలియదు. నేను ఇవాళ రాస్తున్నానంటే అందులో ఆయన వాటా ఉంది.

ఆయన చేతిలో అప్పుడు ఫోన్ ఉండి ఉంటే? నవ్వు కనపడేది. దేనికి నవ్వుతున్నారో తెలిసేది కాదు. పుస్తకం తెరిచి పట్టుకుంటే అట్ట ఎదుటి సీటు వైపు చూస్తుంది. ఫోన్ పట్టుకుంటే ఎదుటి సీటు వైపు కెమెరా చూస్తుంది. పుస్తకం అట్ట చూడడం ఎవరికీ తప్పనిపించదు. ఇంకొకరి ఫోన్‌లోకి తొంగిచూడడం మాత్రం తప్పే, అందులో వాళ్ల బ్యాంకు మెసేజ్ ఉంటుంది, ఇంటి గొడవ ఉంటుంది. కాబట్టి మర్యాదగా తల తిప్పుకుంటాం. ఇలా అందరం తల తిప్పుకోవడంతోనే ఒక చదువరి నుంచి ఇంకో చదువరి పుట్టే దారి మూసుకుపోయింది.

బస్సులో ఫోన్ గెలవడానికి కారణాలు కూడా న్యాయంగా చెప్పుకోవాలి. ఎన్‌ఏడీ నుంచి గాజువాక దాకా నిలబడి ప్రయాణించేవారికి ఖాళీగా ఉండేది ఒక్క చెయ్యే. పుస్తకానికి రెండు కావాలి, పేజీ తిప్పడానికైనా కావాలి. ఒకప్పుడు సిటీ బస్సులో నవలల కంటే వారపత్రికలు ఎక్కువ కనిపించింది కూడా ఇందుకేనని నా ఊహ. వారపత్రికను నిలువుగా మడిచి ఒక చేత్తో పట్టుకోవచ్చు. పొద్దు కుంకాక సిటీ బస్సులో ఉండే వెలుతురుకి అచ్చు అక్షరం కనపడదు, ఫోన్‌కి తన వెలుగు తనకుంది. ఇక పేపరు సంగతి ప్రత్యేకం. ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది ఈ విశాఖలోనే, తెల్లవారకముందే ఇంటికి పేపరు చేర్చాలన్న పట్టుదలతో. పొద్దుటి షిఫ్టుకి బయల్దేరే స్టీల్ ప్లాంట్ ఉద్యోగులు ఒక పేపరును నలుగురు పంచుకోవడం నేను చూశాను. మెయిన్ ఒకరికి, జిల్లా పేజీలు ఒకరికి, ఆటల పేజీ ఇంకొకరికి. "అయిపోతే ఒకసారి ఇటివ్వండి మాస్టారూ" అంటే కాదన్నవాళ్లు లేరు. ఫోన్‌ని అలా అడగలేం.

ఇప్పుడు విశాఖ బస్సుల్లో అచ్చు పుస్తకం కనపడిందంటే చాలావరకు అది ఉద్యోగం కోసం చదివేదే. తెలుగు అకాడమీ పుస్తకాలు, కరెంట్ అఫైర్స్, గ్రూప్-2 బిట్ బ్యాంకులు. 2025లో 16,347 పోస్టులతో టీచర్ల మెగా డీఎస్సీ వచ్చినప్పుడు ఎవరో ఒకరి చేతిలో మెథడాలజీ పుస్తకం లేని బస్సు ఎక్కిన గుర్తు నాకు లేదు. ద్వారకా నగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లినా పోటీ పరీక్షల వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. దీన్ని చదువు కింద లెక్కకట్టని పెద్దలున్నారు. వాళ్ల మాట నాకు కష్టంగా ఉంటుంది. పసుపు హైలైటర్‌తో ఆంధ్రుల చరిత్రలో శాతవాహనుల పేజీ గీసుకుంటూ ఫుట్‌బోర్డు దగ్గర నిలబడ్డ కుర్రాడి ఏకాగ్రత నవల చదివేవాడికి ఏం తక్కువ? ఆ పుస్తకం వెనక ఒక ఇల్లు నిలబడి ఉంటుంది. నన్ను బాధించేది ఇంకొకటి. ఆ కుర్రాడికి బస్సులో వేరే పుస్తకం చదివేవాళ్లు కనపడరు. పరీక్ష అయిపోయాక ఏం చదవాలో అతనికి చూపించే మనిషి ఎదుటి సీట్లో లేడు.

ప్రయాణికుడి దగ్గరికి పుస్తకం వెళ్లాలన్న ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. 1935లో రెండు ఊళ్లలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, దాదాపు ఒకే పని జరిగింది. లండన్‌లో అలెన్ లేన్ అనే ప్రచురణకర్త ఆరు పెన్నీలకు ఒక పుస్తకం చొప్పున పెంగ్విన్ పేపర్‌బ్యాక్‌లు మొదలుపెట్టారు. ఎక్సెటర్ రైల్వే స్టేషన్‌లో రైలు కోసం ఆగినప్పుడు చదవదగ్గ పుస్తకం ఒక్కటీ దొరకకపోవడం వల్లే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. అదే ఏడాది కృష్ణా డెల్టాలో గ్రంథాలయ ఉద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవలో నడిచే పడవల్లో పుస్తకాలు పెట్టించారు. మెల్లగా సాగే పడవలో గంటలు గడవాలి. ఆ గంటల్ని చదువుకి ఇచ్చారు. ఒకరు పుస్తకాన్ని అమ్మారు, ఇంకొకరు ఊరికే ఇచ్చారు. రెండోది మనవాళ్లు చేసిన పని. మనం గుర్తుపెట్టుకోవాల్సినంతగా గుర్తుపెట్టుకోలేదు.

ఇప్పుడు ఆ పని చేయడానికి డబ్బు లేదనే మాట చెల్లదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమంతా కడుతున్నాం. విశాఖలో ఇల్లున్న ప్రతి కుటుంబం కడుతోంది. ఆ సొమ్ములో కొంత పెట్టి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో, మద్దిలపాలెంలో, ఎన్‌ఏడీ కొత్త రోడ్డులో, గాజువాకలో, జనం బస్సు కోసం వేచి ఉండే చోట అరలు పెట్టమని అడుగుతున్నాను. బస్సు కదిలేటప్పుడు చదవడం కష్టం, బస్సు రాకముందు కాదు. ఇరవై నిమిషాల్లో అయిపోయే కథల పుస్తకాలు, ఉత్తరాంధ్ర రచయితలవి, పిల్లల బొమ్మల పుస్తకాలు, వాటి పక్కనే పోటీ పరీక్షలవి కూడా. అన్నీ అట్టలు బయటికి కనపడేట్టు. పుస్తకాలు పోతాయంటారు. కొన్ని పోతాయి. పోయిన పుస్తకం ఎవరో ఒకరి ఇంట్లోనే ఉంటుంది. బీరువాలో తాళం వేసి ఉన్న పుస్తకం కంటే దాన్ని ఎవరైనా తెరిచే అవకాశం ఎక్కువ.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు సిటీ బస్సుల్లో టికెట్ ఉచితం. అప్పటి నుంచి నేను వెళ్లే బస్సులో ఆడవాళ్లు బాగా పెరిగారు. మొన్న ఎండాడ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడు ఒక కాలేజీ అమ్మాయి ఫోన్‌లో చదువుతూ కళ్లు తుడుచుకుంది. పక్కన కూర్చున్న పెద్దావిడ ఉండబట్టలేక అడిగింది.

"ఏటమ్మా, ఇంటికాడ నుంచి ఏదైనా కబురా?"

"కాదు మామ్మా, కథ."

"కథా? ఎవులి కథ?"

ఆ అమ్మాయి కాస్త సిగ్గుపడింది. తర్వాత అక్షరాలు పెద్దవి చేసి ఫోన్‌ని ఇద్దరి మధ్యా పట్టుకుంది. పెద్దావిడ కళ్లజోడు తీసి పెట్టుకుంది. ఆవిడ చదవడం నెమ్మది. అమ్మాయి వేలు ఆవిడ కోసం ఆగుతోంది. మధురవాడ దాటింది. కొమ్మాదిలో దిగడానికి లేస్తూ ఆవిడ ఆ కథ పేరు మళ్లీ అడిగింది. అమ్మాయి బ్యాగులోంచి పెన్ను తీసి, ఆవిడ చేతిలో ఉన్న సున్నా టికెట్ తీసుకుని, దాని వెనక పేరు రాసి ఇచ్చింది.