డ్రానికీలో జోస్యం లేదు, మైదా కూడా అక్కర్లేదు

తూర్పు యూరప్ దేశం బెలారస్ గురించి ఒక పోస్టు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: డ్రానికీ అనే బంగాళాదుంప అట్టు వెయ్యేళ్ల నాటిది, మైదా, గుడ్డు లేకుండా రాదు, క్రిస్మస్ రోజుల్లో వచ్చే కల్యాడీ పండగ రాత్రి ఆడపిల్లలు దాన్ని చూసే జోస్యం చెప్పుకుంటారు, జనం ఇప్పటికీ అదంతా నమ్ముతారు. మొదటి మూడూ తప్పు, నాలుగోది సగం తప్పు.

వెయ్యేళ్ల మాట చూద్దాం. బంగాళాదుంప దక్షిణ అమెరికా పంట. బెలారస్ నేలకు చేరింది 18వ శతాబ్దంలో, పల్లెల్లో రోజువారీ తిండి అయింది 19వ శతాబ్దంలో. అంతకుముందు అక్కడ రై అనే ధాన్యపు రొట్టె, బార్లీ, టర్నిప్, క్యాబేజీ. మన మిరపకాయలాగే ఆలస్యంగా వచ్చి ఇల్లు సొంతం చేసుకున్న పంట ఇది.

ఇక మైదా. పట్టింపు ఉన్నవాళ్లు వేయరు. పిండి పదార్థం ఎక్కువున్న పాత దుంపలు ఒక కిలో, ఒక మధ్యస్థ ఉల్లిపాయ తీసుకోండి. దుంపతోపాటే ఉల్లిపాయనూ సన్నగా తురమాలి, దానివల్ల తురుము త్వరగా నల్లబడదు. తురుమును మెల్లగా పిండేసి, వచ్చిన నీళ్లను ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. పైనీళ్లు పారబోసి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని తురుములో కలిపేయండి. అట్టును పట్టి ఉంచేది అదే. ఉప్పు చివర్లో వేయాలి, ముందే వేస్తే మళ్లీ నీరూరుతుంది. అర సెంటీమీటరు మందాన పరిచి, మధ్యస్థ మంట మీద ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు వేయించాలి. మంట పెద్దదైతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. గుడ్డూ తప్పనిసరి కాదు, ఎక్కువైతే ఆమ్లెట్‌లా సాగుతుంది. కొత్త దుంపల్లో పిండి తక్కువ, అప్పుడు మాత్రం ఒక చెంచా మైదా వేస్తే తప్పు లేదు. మిన్‌స్క్, గ్రోద్నో హాస్టళ్లలో వండుకునే మన మెడిసిన్ పిల్లలకు ఇది పనికొస్తుంది. పక్కన సోర్ క్రీమ్ చాలు.

జోస్యం విషయంలో పోస్టు అసలు సంగతే వదిలేసింది. కల్యాడీ సోదెలో కనిపించేవి ప్రధానంగా పాత ధాన్యాలు. ఆర్థడాక్స్ క్రైస్తవుల ఇళ్లలో జనవరి 6న, కాథలిక్ ఇళ్లలో డిసెంబరు 24న బార్లీతో కుత్స్యా అనే జావ వండుతారు. టేబుల్ గుడ్డ కింద పరిచిన గడ్డిలోంచి ఒక పోచ లాగుతారు, పొడుగ్గా వస్తే దీర్ఘాయుష్షు. కుత్స్యా చేత్తో పట్టుకుని పెళ్లికాని పిల్ల వాకిట్లోకి వెళ్తుంది, కుక్క ఏ దిక్కున మొరిగితే పెళ్లికొడుకు ఆ దిక్కు నుంచి వస్తాడట. కోడిపుంజు ఏ పిల్ల పోసిన గింజలు ముందు పొడిస్తే ఆమెకే ముందు పెళ్లి.

నమ్మకం మాటకొస్తే, నమ్మేవాళ్లు లేకపోలేదు. కానీ నగరాల్లో ఇది ఎక్కువగా సాయంత్రపు సరదా, స్నేహితురాళ్ల పార్టీ ఆట. అందులో ఇష్టమైనది మైనం సోదె. కరిగించిన మైనాన్ని చల్లటి నీళ్లలో పోసి, గడ్డకట్టిన ఆకారాన్నో గోడ మీద దాని నీడనో చదువుతారు. ఆకారాన్ని నిర్ణయించేది మైనం వేడి, నీటి చల్లదనం, పోసే ఎత్తు. నీళ్లు గోరువెచ్చగా ఉంటే పైన పల్చటి పొరే మిగులుతుంది. నేరుగా మంట మీద కరిగిస్తే మైనం అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. ఆట అయ్యాక మిగిలింది సింకులో పోయొద్దు, పైపులో గడ్డకడుతుంది.