‘రెండు శాతం చెక్కు రాసేస్తే సరి’ అన్న మెసేజ్‌కు నా జవాబు

పదిహేను రోజులుగా పలాస–కాశీబుగ్గ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మెసేజ్ తిరుగుతోంది. విజయనగరం నుంచి ఇద్దరు మిత్రులు నాకు విడిగా కూడా పంపి, ‘బాగా రాశాడు కదా’ అన్నారు. అందులో ఉన్నది ఇదీ: ‘సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) అంటే ఇంకో పన్ను, రెండు శాతం చెక్కు రాసేసి మన పని మనం చూసుకోవాలి. దాన్ని వ్యాపారంతో కలిపితే సేవ కాదు, స్వార్థం. వ్యాపారి బాధ్యత లాభం ఒక్కటేనని నోబెల్ అందుకున్న ఆర్థికవేత్తే చెప్పాడు. ఎంత చేసినా జనం ఎదురు తిరగక మానరు. పైగా మన చిన్న ఫ్యాక్టరీలకు ఈ గొడవే లేదు.’

పద్దెనిమిదేళ్లుగా జీడి ఫ్యాక్టరీల పద్దులు చూస్తున్నాను. ఈ మాటలు నాకు బాగా రాసినట్టు అనిపించలేదు. వరసగా జవాబిస్తున్నాను.

‘ఇంకో పన్ను’ అన్నది ముందు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనుల మీద ఖర్చుపెట్టాలి. పన్ను ఖజానాకు చేరాక కట్టినవాడికి దాని మీద మాట ఉండదు. ఇక్కడ ఏ పని చేయాలి, ఏ ఊళ్లో చేయాలి, ఎవరిచేత చేయించాలి అన్నది కంపెనీ బోర్డే తేల్చుకుంటుంది. తాను పనిచేసే చోటుకూ చుట్టుపక్కలకూ మొదట ప్రాధాన్యం ఇవ్వమని చట్టంలోనే ఉంది. ప్రధానమంత్రి సహాయ నిధికి చెక్కు రాసి ఊరుకున్నా తప్పు పట్టేవారు లేరు, ఒప్పుకుంటాను. అలా రాసిన కంపెనీ మాత్రం తన చేతిలో ఉన్న ఎంపికను వదిలేసుకున్నట్టే. ఇంకొకటి, ఈ డబ్బును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవచ్చని చాలామంది అనుకుంటారు. ఆ దారిని 2014లోనే మూసేశారు. లాభంలోంచి నిజంగా పోయే డబ్బు కాబట్టే అది ఎక్కడ పడుతోందో చూసుకోవాలంటాను.

‘వ్యాపారంతో కలిపితే స్వార్థం’ అన్న మాట దగ్గర ఎక్కువసేపు ఆగాలి. వినడానికి ధర్మంగా ఉంటుంది, అందుకే మంచివాళ్లు కూడా నమ్ముతారు.

మా మేనత్తది ఉద్దానంలో కవిటి దగ్గర ఒక ఊరు. అక్కడ ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బు గురించి ఈ శ్రీకాకుళం జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కారణం ఇదీ అని పరిశోధకులు ఇంకా ఖాయంగా తేల్చలేదు గానీ, తాగే నీళ్లంటే జనానికి భయం పట్టుకుంది. ఆ రోజుల్లో ఒక పెద్ద కంపెనీ ఆ ఊరికి ఆర్వో ప్లాంటు ఇచ్చింది. రిబ్బను కత్తిరించారు, పేపర్లో ఫోటో పడింది. రెండో ఏడు తిరిగేసరికి నీటిని వడగట్టే పొర, మెంబ్రేన్, పోయింది. మార్చాల్సింది ఎవరో ఏ కాగితంలోనూ రాసి లేదు. పంచాయతీ కంపెనీ వైపు చూసింది, కంపెనీ పంచాయతీ వైపు చూసింది, తలుపుకు తాళం పడింది. ‘బోర్డుందిరా అల్లుడా, నీల్లే నేవు’ అంది అత్త. ఆవిడ మళ్లీ బోరు నీళ్లకే వెళ్లింది.

కంపెనీ ఆశించిందేమీ లేదు కాబట్టి మెసేజ్ లెక్కలో ఇది స్వచ్ఛమైన సేవ. కానీ ఆ నీళ్లు ఆగిపోతే ఆ కంపెనీలో ఎవరి పనీ ఆగలేదు, ఎవరూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. అదే ఫ్యాక్టరీలో బాయిలర్ ఆగితే గంటలో మెకానిక్ వస్తాడు. బాయిలర్ గురించి రోజూ అడిగేవాడు ఒకడుంటాడు మరి. ఊరి నీళ్ల గురించి కూడా అలా అడిగే మనిషిని పెట్టి, మెంబ్రేన్ ఖర్చును ఏటా బడ్జెట్‌లో రాసి, నెలనెలా లెక్క చూడటాన్నే నేను వ్యూహంలో భాగం చేయడం అంటున్నాను. తన కూలీలు ఏ ఊళ్ల నుంచి వస్తున్నారో, తన బోర్లు ఏ నీటిని తోడుతున్నాయో తెలిసిన కంపెనీకి ఆ ఊరి నీళ్లు పరాయి విషయం కావు. దీన్ని స్వార్థం అంటే అననివ్వండి, మా అత్తకు బిందె నిండితే చాలు.

అయితే ఇందులో మోసానికి సందు ఉంటుందన్న అనుమానం న్యాయమైనదే. అందుకే నిబంధనల్లో కంచె వేశారు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనులు, కేవలం సొంత ఉద్యోగులకే మేలు చేసేవి, ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్‌లు సీఎస్‌ఆర్ లెక్కలోకి రావు. ఫ్యాక్టరీ మురుగునీటిని శుద్ధి చేయడం చట్టం పెట్టిన విధి, దాన్ని సేవగా చూపించకూడదు. ఫ్యాక్టరీలున్న పైడిభీమవరంలోనైనా బొబ్బిలిలోనైనా ఈ తేడా జనానికి స్పష్టంగా తెలుసు. కాలువలో రంగు నీళ్లు వదిలి బడికి బెంచీలిస్తే ఆ బెంచీల మీద కూర్చున్న పిల్లలే అడుగుతారు.

ఇక ఆర్థికవేత్త మాట. మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో అమెరికా పత్రికలో రాసిన వ్యాసం నుంచి సగమే తెచ్చారు. చట్టానికీ, సమాజంలోని నీతి నియమాలకూ లోబడే లాభం సంపాదించాలని ఆయన అదే వ్యాసంలో రాశాడు. చిన్న ఊళ్లో పెద్ద కంపెనీ ఆ ఊరి సౌకర్యాల మీద ఖర్చుపెట్టడం దాని సొంత దీర్ఘకాల ప్రయోజనానికే మంచిది కావచ్చని కూడా ఒప్పుకున్నాడు. దానికి సామాజిక బాధ్యత అన్న పేరు పెట్టడమే ఆయనకు నచ్చలేదు. పేరు దగ్గర నాకు పేచీ లేదు.

‘ఎంత చేసినా జనం ఎదురు తిరుగుతారు’ అన్నవాళ్లు సోంపేటను చూపిస్తున్నారు. అక్కడ ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. బీల నేలలంటే, అంటే చిత్తడి నేలలంటే, చుట్టుపక్కల ఊళ్లకు పంట నీళ్లు, చేపలు, పశువుల మేత. అక్కడ థర్మల్ ప్లాంటు పెట్టబోతే 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ అదే రోజు ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. బీల పోతుందని భయపడ్డ రైతుకు స్కూలు భవనం, ఆసుపత్రి, ఉద్యోగాల హామీ జవాబు అవుతాయా? బాధ్యత గురించి ఆలోచించాల్సింది స్థలం ఎంచుకునేటప్పుడు. స్థలం ఖాయమయ్యాక ఎన్ని కోట్లు పంచినా ఆ తప్పు దిద్దుకోదు. పోయిన ప్రాణాల ముందు పెట్టుబడి మాట ఎత్తడం నాకిష్టం లేదు గానీ, వ్యాపారంగా చూసినా అది నష్టమే.

చివరగా ‘మన చిన్న ఫ్యాక్టరీలకు సంబంధం లేదు’. చట్టం వరకు నిజం. నా దగ్గర పద్దులు రాయించుకునేవాళ్లలో ఆ గీత దాటినవారు ఒక్కరూ లేరు, ఎక్కువవి సొంత, భాగస్వామ్య సంస్థలు. కానీ జీడి పిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ల చేతులు చూడండి. పిక్క తొక్కలోని జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆముదం, బూడిద రాసుకుని కొడతారు, అయినా సీజన్ సగానికి వేళ్లు పొక్కిపోతాయి. పొక్కిన వేళ్లతో కొడితే పప్పు విరుగుతుంది, విరిగిన పప్పుకు ధర పడిపోతుంది. ఒక ఫ్యాక్టరీలో చేతి తొడుగులు, ఆముదం, తాగునీళ్లు యజమానే ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాది విరిగిన ముక్క తగ్గడం నేనే పద్దులో రాశాను. పది రూపాయలు ఎక్కువిస్తామన్న పక్క ఫ్యాక్టరీకి వెళ్లిపోయేవాళ్లు కూడా తగ్గారు. దీన్ని ఎవరూ సీఎస్‌ఆర్ అని పిలవలేదు, పిలవకూడదు కూడా. బాధ్యత వ్యాపారంలో కలిసిపోతే ఎలా ఉంటుందో మాత్రం అక్కడ కనిపించింది.

పిక్కల సంగతీ అంతే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానం జీడి, కొబ్బరి తోటల్ని నేలకూల్చింది. మన వ్యాపారులు మనసు పెట్టి బియ్యం, టార్పాలిన్లు పంచారు, ఆ వారం అవే కావాలి. తోటలు మళ్లీ నిలబెట్టే పనిలో మాత్రం మనం రైతు పక్కన నిలబడలేదు. జీడి అంటు మూడు నాలుగేళ్లకు కాపుకొస్తుంది. ఆనాడు ఒక్కో ఫ్యాక్టరీ ఒక్కో ఊరి తోటలకు అంటుమొక్కలు ఇచ్చి ఉంటే ఆ చెట్లు ఇప్పటికి పిక్కలిస్తూ ఉండేవి. మనం ఆఫ్రికా పిక్కల కోసం విశాఖ రేవు వైపు చూడటం ఆ మేరకైనా తగ్గేది.

ఈ మెసేజ్ నాకు పంపినవాళ్లకు ఒక మాట. ఈ వేసవిలో పిక్కలు కొనడానికి ఊళ్లకు వెళ్లినప్పుడు ధరతో పాటు తోటలో ఎన్ని చెట్ల ఖాళీ ఉందో కూడా అడిగి రాసుకోండి. తొలకరికి నాటాలంటే అంటులకు నర్సరీలో ముందే చెప్పి ఉంచాలి. ఆ లెక్క తెస్తే కాగితం పని నేను చేసిపెడతాను, ఫీజు వద్దు.