సవరణ: కంటి ఇంజెక్షన్, కంట్లో ప్రెషర్

షుగర్ వల్ల రెటీనాలో (కంటి వెనక ఉండే చూపు పొర) నీరు చేరినవాళ్లకు వేసే ఇంజెక్షన్ గురించి మొన్న రాసినదాంట్లో "తర్వాత కంట్లో ప్రెషర్ పెరుగుతుంది" అన్న ముక్క ఒకటుంది. అది చదివి చీపురుపల్లి నుంచి ఒకావిడ, "బాబూ, వచ్చే వారం విజయనగరంలో మా ఆయనకి సూది వేయాలి. మానిపించేయమంటారా?" అని అడిగారు. వద్దమ్మా, మానిపించకండి. ఆ ముక్కకు వివరం కావాలి, అంతే.

బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్ లాంటి మందులు సాధారణంగా 0.05 మిల్లీలీటర్లే వేస్తారు. కన్ను గట్టిగా గాలి కొట్టిన బంతి లాంటిది, ఆ బొట్టుకే లోపలి ప్రెషర్ (బీపీ కాదు, అది వేరు) మామూలు 10–21 (పాదరసం మిల్లీమీటర్లలో) నుంచి 40 దాటొచ్చు. చాలామందికి అరగంట, గంటలో దిగిపోతుంది. ఆ కాసేపు రెటీనాకు రక్తం అందడం తగ్గుతుంది. సూది తీయగానే డాక్టరుగారు వేళ్లు చూపించి "ఎన్ని?" అని అడిగేది అందుకే, మాట కలపడానికి కాదు. చూపు పూర్తిగా చీకటైతే రక్తం ఆడట్లేదేమో అని చూస్తారు. అవసరమైతే కంటి ముందు భాగం నుంచి కాస్త నీరు తీసి ప్రెషర్ దించుతారు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి వేరు. దానితో ప్రెషర్ కొన్ని వారాల తర్వాత పెరిగి నెలల తరబడి ఉండొచ్చు, చుక్కల మందు వేసుకోవాల్సి రావచ్చు. మీవారికి ఏది వేస్తున్నారో చీటీలో చూడండి. గ్లకోమా (సాధారణంగా కంట్లో ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉంటే ముందే చెప్పండి.