ఊ రాజు ఎవరి కొడుకు?

కొరియాను 1392 దాకా ఏలిన గోర్యో వంశ చరిత్రను, ఆ తర్వాత వచ్చిన జోసన్ వంశపు పండితులు 1451లో పూర్తి చేశారు. 139 సంపుటాల ఆ గ్రంథంలో పద్నాలుగేళ్లు రాజ్యమేలిన ఊ రాజుకు రాజుల వరుసలో చోటు లేదు. ఆయన కథ రాజద్రోహుల విభాగంలో ఉంది. ఇంటిపేరు కూడా గోర్యో రాజుల ఇంటిపేరైన వాంగ్ కాదు, షిన్ అని రాశారు.

ఊ తండ్రి, అంతకుముందు ఏలిన గోంగ్మిన్ రాజు కాదు, షిన్ డోన్ అనే బౌద్ధ సన్యాసి అన్నది అభియోగం. ఊ తల్లి బాన్యా ఆ సన్యాసి ఇంటి దాసి. అతడికి రాజ్యభారం అప్పగించిన గోంగ్మినే 1371లో అతడిని చంపించాడు. ఆ తర్వాత పిల్లవాడిని అంతఃపురానికి రప్పించి, తన కొడుకేనని చెప్పాడు. తల్లి మాత్రం చనిపోయిన హాన్ వంశపు పరిచారిక అని ప్రకటించారు. నన్ను కలచివేసేది ఇక్కడే. 1376లో బాన్యా రాజమాత మందిరానికి వచ్చి, కన్నతల్లిని నేనేనని మొరపెట్టుకుంది. ఆమెను ఇమ్‌జిన్ నదిలో ముంచి చంపారు. నిజం చెప్పగల ఒకే ఒక్క మనిషి నోరు అలా మూయించారు.

ఈ అనుమానం రాజ్యాన్ని కుదిపిన సమయం చూడండి. 1385లో చైనాలోని మింగ్ చక్రవర్తి ఊను రాజుగా గుర్తించాడు. 1388లో సేనాని యీ సొంగ్గ్యే విహ్వాదో దీవి నుంచి సైన్యాన్ని వెనక్కి తిప్పి ఆయనను దించేశాడు. అప్పుడు గద్దెనెక్కింది ఊ కొడుకు ఛాంగే. అది మరో సేనాని జో మిన్సు పట్టుదల అని యీ సొంగ్గ్యే వర్గం చెప్పుకుంది. కానీ ఆ పసివాడి రక్తంలో దోషం ఉందన్న మాట రాజ్యశాసనమైంది ఏడాది తర్వాత, 1389లో. 'నకిలీని తొలగించి అసలును నిలబెడుతున్నాం' అంటూ తండ్రీకొడుకులిద్దరినీ చంపారు. ఆ 'అసలు' వారసుడైన గోంగ్యాంగ్‌నూ మూడేళ్లలో దించి, యీ సొంగ్గ్యే తానే రాజయ్యాడు. పుట్టుకే అసలు సమస్య అయితే, వాంగ్ వంశీయుడు గద్దె మీద ఉండగా కొత్త వంశం ఎందుకు? ఊ పుట్టుక ఏమైనా కావచ్చు, ఈ తీర్పు ఇచ్చినవారు గద్దె కోసం పోటీలో ఉన్నవారే.

అదే నింద కొత్త వంశానికీ తగిలింది. ఊను గద్దెనెక్కించిన మంత్రి యీ ఇన్ఇమ్ కొడుకే యీ సొంగ్గ్యే అని మింగ్ గ్రంథాల్లో తప్పుగా నమోదైంది. దాన్ని దిద్దించడానికి జోసన్ రాజులు రాయబారుల మీద రాయబారులను పంపారు. 1580లలో గానీ అది సరికాలేదు. దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది. ఊ, ఛాంగ్‌ల కోసం అలా తిరిగిన రాయబారి ఒక్కడూ లేడు. వొన్ చొన్సొక్ అనే కవి మాత్రం, కొలువుకు దూరంగా ఉంటూ, వారిని గోంగ్మిన్ వారసులుగానే తన పద్యాల్లో తలచుకున్నాడు.