గొట్టం నలగాలి, విరగకూడదు

బెంగళూరు పీణ్యలోని ఒక పరీక్షశాలలో ఈ మధ్య, కారు ఢీకొన్నప్పుడు నలుగుతూ ఆ దెబ్బను మింగడానికి ఉద్దేశించిన రెండు కార్బన్ ఫైబర్ గొట్టాలను ప్రెస్ కింద పెట్టి నొక్కుతుంటే చూశాను. రెండూ ఒకే అచ్చు మీద చుట్టినవే, పొరల వరస కూడా ఒకటే; కాకపోతే ఒకదాని పై అంచును 45 డిగ్రీల వాలుగా అరగదీశారు, రెండోదాన్ని తిన్నగా కోసి వదిలేశారు. వాలు చెక్కిన గొట్టం కరకరమంటూ, అంచులు లోపలికీ బయటికీ పూరేకుల్లా విచ్చుకుంటూ, నల్లటి పొడి రాలుస్తూ చివరిదాకా దాదాపు ఒకే బలంతో ఎదురునిలిచింది. తిన్నగా కోసినది మొదట అంతకంటే ఎక్కువ భారం మోసి, ఫెళ్లున నడిమికి చీలింది.

అవి తెచ్చింది అనంతపురం, కడపల నుంచి వచ్చి ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రాళ్లు. విద్యార్థుల రేసుకారు పోటీల్లో, 300 కిలోల బండి సెకనుకు 7 మీటర్ల వేగంతో ఢీకొన్నప్పుడు ఉండే 7,350 జౌళ్ల శక్తిని ముక్కు భాగంలోని దిమ్మె మింగాలి. సగటు రుణత్వరణం, అంటే వేగం తగ్గే రేటు, 20 జి (భూమ్యాకర్షణ త్వరణానికి 20 రెట్లు), గరిష్ఠం 40 జి దాటకూడదు. లెక్కకడితే ఆ దిమ్మె కనీసం పన్నెండున్నర సెంటీమీటర్లు నలగాలన్నమాట.

ఉక్కుకు సాగే గుణం ఉంది కాబట్టి మడతలు పడుతూ శక్తిని తీసుకుంటుంది. కార్బన్‌కు ఆ గుణం లేదు. పోగులు తెగడం, వాటిని పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు పగలడం, పొరలు ఊడడం, ఆ ముక్కలు ఒకదానికొకటి రాసుకోవడం, వీటన్నిటిలో శక్తి ఖర్చవుతుంది. ఇది వరసగా జరిగితే కిలోకు 50 కిలోజౌళ్లకు పైనే వస్తుంది. గంటకు 64 కిలోమీటర్ల వేగంతో వెళ్లే టన్ను కారులో ఉన్నది సుమారు 158 కిలోజౌళ్లు గనుక, కాగితం మీద మూడు నాలుగు కిలోల కార్బన్ చాలు. ఈ అంకె చూసి మురిసిపోయే ప్రజెంటేషన్లు మన ఊళ్లో బోలెడు. నిజమైన ప్రమాదంలో దెబ్బ ఏటవాలుగా తగులుతుంది, గొట్టం నలగడానికి బదులు పక్కకు ఒరిగి మొదట్లోనే విరుగుతుంది. చెన్నై లాంటి ఉక్కపోత ఊళ్లో తేమ పీల్చిన ఎపాక్సీ ఎండలో మరింత మెత్తబడుతుంది.

సిమ్యులేషన్ ఉంది కదా అంటారు. ఢీకొనడాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ఎల్ఎస్-డైనా సాఫ్ట్‌వేర్‌లో, ఇలాంటి పదార్థాలకు చాలామంది వాడే మ్యాట్ 54 నమూనాలో, లెక్క కోసం గొట్టాన్ని విడగొట్టిన చిన్న ముక్కల్లో నలిగే అంచును ఆనుకుని ఉన్నవాటి బలాన్ని తగ్గించే ‘సాఫ్ట్’ అనే ఒక అంకె ఉంటుంది; పరీక్ష ఫలితంతో గీత కలిసేదాకా దాన్ని అటూ ఇటూ మారుస్తారు. పరీక్షను చూసి సరిచేసిన లెక్కను, పరీక్ష చేయని ఆకారానికి భరోసాగా చూపడం నాకు మింగుడుపడదు.

అందుకే సగటు ఎంత అని కాకుండా, నొక్కిన గొట్టాల్లో అన్నిటికంటే తక్కువ వచ్చింది ఎంత అని అడగాలంటాను. చివర వాలు చెక్కడం, వెనక్కి పోయేకొద్దీ పొరలు పెంచడం, శంకువు ఆకారం ఇవ్వడం, ఇవన్నీ ఆ కనిష్ఠాన్ని పైకి లేపే పనులు. వీటివల్ల కాస్త బరువు పెరిగినా ఒప్పుకోవాలి. కుర్రాళ్లు మాత్రం ఒక్క గొట్టం గ్రాఫే రిపోర్టులో పెట్టారు. ఈ వారం మరో ఆరు చుడుతున్నారు. రెండింటిని పది డిగ్రీలు ఒరిగించి నొక్కుతామన్నారు.