మహారాజశ్రీ సొంత గుర్రపు విహారయాత్ర గారికి

మహారాజశ్రీ సొంత గుర్రపు విహారయాత్ర గారికి, హనుమకొండ నుంచి ఒక ఆర్టీసీ ప్రయాణికుడు నమస్కరించి రాయునది.

మనిషి తన సొంత గుర్రాన్ని వెంటబెట్టుకుని సెలవులకు పోయే సరదా తమరు; సీమదేశంలో పెరిగినవారని విన్నాను. ఇంగ్లండు పల్లెల్లో గుర్రాలు నడిచేందుకు చట్టం గుర్తించిన దారులున్నాయనీ, 1968 నాటి చట్టం సైకిళ్ళను కూడా ఆ దారుల్లోకి రానిచ్చింది గానీ గుర్రం ఎదురైతే సైకిలువాడే దారి ఇవ్వాలని చెప్పిందనీ, అక్కడి పల్లె బసల్లో మనిషికి పడకా ఫలహారమూ, గుర్రానికి కొట్టమూ గడ్డీ కలిపి ఏర్పాటు చేస్తారనీ, ప్రతి గుర్రానికీ పాస్‌పోర్టు ఉండాలనీ తెలిసి సంతోషించాను. అంతటి మర్యాదలకు అలవాటుపడిన తమరు ఇప్పుడు హైదరాబాదు శివారు ఫామ్‌హౌసుల నుంచి రామప్ప, లక్నవరం వైపు దయచేయాలని ముచ్చటపడుతున్నారట. తమరికి స్వాగతం పలికేముందు కొన్ని సంగతులు మనవి చేసుకోవడం మా ధర్మం.

ముందుగా తమరి రాక గురించి. 1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం గుర్రానికి అంటురోగం లేదనీ, అది ప్రయాణానికి తట్టుకోగలదనీ పశువైద్యుడు ధ్రువపత్రం ఇవ్వాలి. లారీ నేల జారకుండా చూడాలి. గుర్రానికీ గుర్రానికీ మధ్య కనీసం 8 సెంటీమీటర్ల మందం గల వెదురు బొంగు కట్టాలి. పక్కనుంచి దూసుకుపోయే బండ్లను చూసి బెదరకుండా దాని తల ఎడమ వైపుకు ఉండేటట్టు నిలబెట్టాలి. అన్నిటికీ మించి, బండి గంటకు 35 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఎవరు రాశారో గానీ గుర్రం మనసు తెలిసినవారే రాశారు. అయితే దౌడు తీసే గుర్రం గంటకు 40 కిలోమీటర్ల పైనే పోతుంది కనుక, చట్టాన్ని అక్షరాలా పాటిస్తే మోసుకొచ్చే లారీ కంటే మోయించుకునే గుర్రానిదే వేగం ఎక్కువవుతుంది. హైదరాబాదు నుంచి వరంగల్లు దాదాపు 150 కిలోమీటర్లు, అక్కడి నుంచి రామప్ప గుడి ఉన్న పాలంపేట మరో 65, 70. యజమాని గారు కారులో నాలుగు గంటల్లో గుడి చేరుకుని, కొబ్బరికాయ కొట్టి, ఫోటోలు దిగే వేళకు, గుర్రం ఎడమకు తిప్పిన మొహంతో రహదారి పక్కనున్న ధాబాలను, పెట్రోలు బంకులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తూ ఇంకా వరంగల్లు చేరకముందే వచ్చే మడికొండ దగ్గరే ఉంటుంది. దాని పక్కన కాళ్ళు ముడుచుకుని కూర్చున్న సాయిసు, అంటే గుర్రాన్ని సాకే మనిషి కూడా అదే దృశ్యం చూస్తుంటాడు. ఆయన తల ఎటు తిప్పుకుని కూర్చోవాలో నాకు తెలిసినంతలో ఎవరూ రాయలేదు.

దిగిన తరువాత తమరు నడిచే చోటు ఏది? మా ఊళ్ళ నక్షాల్లో బండ్లబాటలు ఇప్పటికీ వెడల్పుగానే ఉన్నాయి. నేల మీద మాత్రం అటు పత్తి చేనూ ఇటు మిరప తోటా ఏటా ఒక్కో సాలు ముందుకు జరుపుకుంటూ రావడంతో కొన్ని బాటల్లో మేకలు సైతం వరస కట్టి నడవవలసి వస్తోంది. పొలం ఒడ్డు మీదుగా పోదామంటే ఒడ్డు నిండా ఎండ్రకాయలు తొలిచిన బొక్కలే. అర టన్ను బరువున్న జంతువు ముందరి కాలు అందులో దిగబడితే విహారం అక్కడితో సరి. ఏటూరునాగారం అడవి అంచున నీరెండలో స్వారీ చేయాలని తమరి అభిమానులకు కోరిక ఉండవచ్చు. అడవి అంచు చేలలో అడవిపందుల కోసం కొందరు చట్టవిరుద్ధంగా కరెంటు తీగలు లాగుతారు. వాటికి పశువులే కాదు, మనుషులూ బలయ్యారు. ఈ ఒక్క మాట మాత్రం ఎకసెక్కానికి అనడం లేదు: పొద్దు వాలాక చేను గట్టు మీదికి గుర్రాన్ని తీసుకుపోకండి.

ఇక మిగిలింది తారు రోడ్డు. తమరికి అనుకూలమైన చలికాలం మొదట్లోనే వానాకాలపు వరి కోతలు ముగిసి ఆ తారు రోడ్డు మాకు కల్లమవుతుంది. సగం రోడ్డు పొడుగునా వడ్లు, కొంత దూరం పోతే మక్కలు ఆరబోసి ఉంటాయి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని పెద్దలన్నారు. తమరి గుర్రానికి కళ్ళు కూడా బాగానే కనిపిస్తాయి. యజమాని సెల్ఫీ కోసం పగ్గాలు వదులు చేసిన కాసేపట్లో అది తట్టెడు గింజలు లాగించగలదు. రైతు నష్టం సంగతి రైతూ ఆయన ఇల్లాలూ చూసుకుంటారు, వారికి మాటలు వచ్చు. గుర్రం సంగతి అలా కాదు. అది వాంతి చేసుకోలేదు. గొంతు గొట్టం పొట్టలోకి చేరే చోట కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది కనుక, లోపలికి పోయినది ముందుకే సాగాలి. అలవాటు లేని గింజ ఒక్కసారిగా ఎక్కువ పడితే పేగుల్లో పులిసి శూల పుడుతుంది, ఆ పైన గిట్టల లోపలి పొరలు వాచి అడుగు తీసి అడుగు వేయలేని స్థితి రావచ్చు. మా మండలాల పశువైద్యులు ఎడ్లకు, బర్లకు, గొర్రెలకు వైద్యం చేసి చేయి తిరిగినవారే గానీ, నాలుగు అరల పొట్ట ఉన్న బర్రె కడుపుబ్బరానికి చేసే చికిత్స ఒంటి పొట్ట గుర్రానికి పనికిరాదు.

తాగునీటి సంగతి కూడా చెప్పాలి. గుర్రం రోజుకు 25 నుంచి 45 లీటర్ల నీళ్ళు తాగుతుంది, ఎండలో స్వారీ చేస్తే ఇంకా ఎక్కువ. గదిలో యజమానికి అందంగా అమర్చిన లీటరు సీసాలు రెండూ దానికి నోరు తడుపుకోవడానికైనా చాలవు. ఉలవలకు మాత్రం కొదవ లేదు. ఉడికిన ఉలవలు గుర్రానికి పెట్టి, ఆ నీళ్ళు చారు కాచి యజమానికి పోస్తే ఖర్చు కూడా కలిసివస్తుంది. ఆ చారుకే నగరంలోని హోటళ్ళలో ఆయన ఇంతకంటే ఎక్కువ చెల్లిస్తున్నారు.

తమరి గురించి మాట్లాడేవారు కాకతీయుల రాచఠీవిని తప్పకుండా తలుస్తారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన రామప్ప గుడి ముందు జీను మీద కూర్చుంటే ఎవరికైనా మీసం దువ్వాలనే అనిపిస్తుంది. గుడి అధిష్ఠానం చుట్టూ శిల్పులు బారులు తీర్చింది ఏనుగులనే అయినా, గుర్రం విలువ కాకతీయులకు తెలియనిది కాదు. గణపతిదేవుని కొలువులో గంగయ సాహిణి అనే కాయస్థ నాయకుడు అశ్వసేనను చూసుకునేవాడు. సముద్రం దాటి వచ్చే గుర్రాల మీద దక్షిణాది రాజులు బొక్కసాలు కుమ్మరించిన కాలమది. అయితే ఆ సేనలో కూడా ప్రతి గుర్రం వెనుకా గడ్డి కోసేవాడు, లద్దె ఎత్తేవాడు ఉండి తీరాలి. వారి పేరిట శాసనం వేయించినవారెవరో నేనెరుగను.

తమరి చరిత్ర ఇప్పటికీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నట్టుంది. గుర్రం యజమానిదని చెప్పే కాగితం యజమాని దగ్గర ఉంటుంది. అది ఏ మేత ముట్టదో, ఏ కాలు ఎత్తనివ్వదో, జోరీగ ఎక్కడ కుడితే తన్నుతుందో సాయిసు దగ్గర ఉంటుంది. రెండు చెవుల కొనలు కలిసే మార్వాడీ గుర్రమెక్కి యజమాని ముందు పోతుంటే, బకెట్టు, గంప, మందుల సంచి మోసుకుంటూ సాయిసు వెనక నడుస్తాడు. మా వరంగల్లులోనూ అటువంటివారున్నారు. పెళ్ళి బరాత్‌లకు గుర్రాలు తెచ్చే ఆ కుటుంబాలు డీజే పెట్టెలనూ, నెత్తి మీద పేలే పటాసులనూ, మెడ మీద వాలే పెళ్ళికొడుకు స్నేహితులనూ సహించేలా గుర్రానికి ఓర్పు నేర్పినవి. రేపు ట్రాక్టరు హారనుకు బెదిరి తమరి మార్వాడీ గుర్రం చెరువు కట్ట మీద అడ్డం తిరిగితే, ఏ రిసార్టు మేనేజరైనా మొదట ఫోను చేసేది వారికే.

కనుక తమరి కరపత్రంలో ఒక్క మార్పు కోరుతున్నాను. యజమానికి సరస్సు కనిపించే గది, గుర్రానికి గాలి ఆడే కొట్టం అని రాసిన చోట, సాయిసుకు మంచం, దుప్పటి, మూడు పూటల భోజనం, రోజు కూలి అని కూడా చేర్పించండి. గది మేడ మీద వద్దు, కొట్టానికి ఆనుకునే ఇప్పించండి. అర్ధరాత్రి గుర్రం కడుపు నొప్పితో పొర్లాడితే ముందుగా వినవలసినది ఆయనే.

ఇట్లు,
తమ విధేయుడు,
హనుమకొండ.